సీరియల్‌కి వెళితే నాటకం దూరమైపోతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. పదేళ్లకు పైగా నాటకాలు రాస్తున్నాను. తండ్రి పోయాక ఇల్లు అమ్మే విషయంలో ఇద్దరు అన్నదమ్ముల మధ్య జరిగే కథతో ఈమధ్య రాసిన నాటకం బాగా ఆడింది. అన్న ముందే సంతకం పెట్టేశాడన్న సంగతి చివర్లో బయటపడుతుంది. అది చూసి ఒక టీవీ నిర్మాత తన డైలీ సీరియల్‌కి మాటలు రాయమన్నారు. ఒక సినిమా దర్శకుడు ఫోన్ చేసి, "ఒకసారి వచ్చి నరేషన్ ఇవ్వండి, చూద్దాం" అన్నారు. మా నాటక సమాజంలో పెద్దవాళ్లు "సీరియల్స్‌కి వెళితే కలం పాడైపోతుంది, మళ్లీ నాటకం రాయలేవు" అంటున్నారు. ఇంట్లోవాళ్లేమో "ఎన్నాళ్లీ నాటకాలు, వచ్చిన అవకాశం వదులుకోకు" అంటున్నారు. నాకు మూడూ చేయాలని ఉంది. కుదిరే పనేనా? నరేషన్ ఇస్తే, అంటే కథంతా నోటితో వినిపిస్తే, నా నాటకం నా చేతిలోంచి పోతుందేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.
– ఒక రంగస్థల రచయిత్రి

సమాధానం: కుదురుతుందమ్మా. మీ పెద్దవాళ్ల మాటలో కొంత నిజం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ వెళ్లొద్దని మాత్రం నేను అనను. నాటకం రాసి రాటుదేలిన చెయ్యి సినిమాకీ టీవీకీ ఎప్పుడూ అవసరమే. మీరు గట్టిగా చూసుకోవాల్సినవి రెండున్నాయి. వాళ్లు మిమ్మల్ని ఏ పని కోసం పిలుస్తున్నారు? మీ నాటకాన్ని మీరు ఏ కాగితం మీద వాళ్లకిస్తున్నారు?

మన దగ్గర సినిమావాళ్లు నాటక రచయితను పిలిచారంటే చాలాసార్లు అది మాటల కోసమే. డి.వి. నరసరాజు, ఆచార్య ఆత్రేయ, గణేశ్ పాత్రో అందరూ నాటకాల్లో పేరు తెచ్చుకుని అటు వెళ్లినవాళ్లే. నరసరాజుగారు 1954లో 'పెద్దమనుషులు'కీ, 1962లో 'గుండమ్మ కథ'కీ మాటలు రాశారు. పాత్రోగారు 1978లో 'మరో చరిత్ర'కి రాశారు. పాత్ర నోరు తెరిస్తే చాలు, అదెవరో, ఏ ఇంట్లో పెరిగారో తెలిసిపోవడం వీళ్లకి స్టేజీ నేర్పిన విద్య. అందుకే సినిమా వీళ్లను నెత్తిన పెట్టుకుంది. అయితే దానివల్ల ఒక అలవాటు కూడా పడిపోయింది. నాటక రచయిత అంటే డైలాగులు బాగా రాసే మనిషి, అంతే అనుకోవడం. గొల్లపూడి మారుతీరావుగారు 1964లో 'డాక్టర్ చక్రవర్తి'కి స్క్రీన్‌ప్లేతో సినిమాల్లోకి వచ్చారన్నది చాలామందికి గుర్తుండదు.

నన్నడిగితే ఈ విషయంలో మీరు చూడాల్సిన మనిషి విజయ్ తెందూల్కర్. ఆయన మరాఠీ నాటక రచయిత. శ్యామ్ బెనెగల్ తీసిన 'మంథన్' (1976)కీ, గోవింద్ నిహలానీ తీసిన 'అర్ధసత్య' (1983)కీ స్క్రీన్‌ప్లే ఆయనదే. రెండూ హిందీ సినిమాలు, రెండింట్లోనూ మాటలు వేరేవాళ్లవి. ఒకదానికి కైఫీ అజ్మీ, ఇంకోదానికి వసంత్ దేవ్ రాశారు. డైలాగులు తనవి కాని సినిమాలకి అంత పెద్ద నాటక రచయిత ఏమిచ్చినట్టు? ఏ సీను తర్వాత ఏ సీను రావాలి, ఒక నిజం ముందు ఎవరికి తెలియాలి, ఎవరికి ఆలస్యంగా తెలియాలి, ఎక్కడ మనిషి తట్టుకోలేక బద్దలవ్వాలి. నాటక రచయిత అసలు సొత్తు అది. ఇంకో సంగతి. 'అర్ధసత్య' వచ్చిన ఆ 1983లోనే ఆయన నాటకం 'కన్యాదాన్' కూడా వచ్చింది. కలం ఎక్కడా పాడవలేదు.

కాబట్టి "మాటలు రాస్తారా?" అని అడిగితే సరేనని ఊరుకోకండి. కథా చర్చల్లో కూర్చుంటానని, సీన్ ఆర్డర్ వేసేటప్పుడు ఉంటానని అడగండి. మొదటిసారే ఒప్పుకుంటారని కాదు. మీకు ఆ పని కూడా వచ్చని వాళ్లకు తెలియాలి కదా.

ఆ పని ఎలా ఉంటుందో మీ నాటకంలోని సీనుతోనే చూద్దాం. స్టేజీ మీద అన్న సంతకం పెట్టేశాడని తమ్ముడికీ తెలియదు, ప్రేక్షకుడికీ తెలియదు. దాన్ని బయటికి లాగడానికి మీ చేతిలో ఉన్నది మాటలొక్కటే. తమ్ముడు గుచ్చి గుచ్చి అడగాలి. అన్న మాట మార్చాలి, చిన్నప్పటి సంగతులు ఎత్తాలి, కోపం తెచ్చుకోవాలి. ఆ పెనుగులాటలోంచి నిజం జారిపడాలి. పావుగంట సాగే ఆ సంభాషణే మీ నాటకానికి ప్రాణమై ఉంటుంది.

సినిమాలో కెమెరా ఉంది. రిజిస్ట్రేషన్ దగ్గర వేలిముద్ర వేశాక అన్న బొటనవేలికి ఇంకు అంటుకుంది. ఇంటికొచ్చి కుళాయి కింద రుద్దుతున్నాడు, పోవడం లేదు. ఇంతలో తమ్ముడు వచ్చాడు. అన్న చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "తొందరేం లేదులే అన్నయ్యా, నెమ్మదిగా ఆలోచిద్దాం" అన్నాడు తమ్ముడు. "నీకిష్టం లేకుండా నేనేం చేస్తానురా?" అన్నాడు అన్న. అయిపోయింది. మీ పావుగంట ఆ ఒక్క మాటలోకి వచ్చేసింది. అన్న ఏం చేశాడో ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఇక ఆ జేబులోని చెయ్యి ఎప్పుడు బయటికొస్తుందా అని చూస్తూ కూర్చుంటాడు.

నాటకం రాసేవాళ్లకి ఇక్కడే ప్రాణం ఉసూరుమంటుంది. చప్పట్లు పడ్డ మాటలన్నీ పోయాయి కదా అని. ఆ బాధ సహజమే. కానీ ఆ ఇంకు మరక చూపించాలా వద్దా, చూపిస్తే తమ్ముడు రాకముందా వచ్చాకా అన్నది నిర్ణయించే కుర్చీ స్క్రీన్‌ప్లేది. మాటలకు మాత్రమే వెళితే అది ఇంకొకరు నిర్ణయించేస్తారు, మీరు ఖాళీలు పూరిస్తారు. నేను ఇంత గట్టిగా చెబుతున్నది అందుకే.

స్టేజీ మీది మాటను తెరమీదికి యథాతథంగా మోసుకెళ్లక్కర్లేదని చెప్పడానికి ఇంకొక ఉదాహరణ. ఫ్రెంచ్ నాటక రచయిత ఫ్లోరియన్ జెల్లేర్ మతిమరుపు జబ్బులో పడిన ఒక తండ్రి మీద 2012లో నాటకం రాశారు. 2020లో దాన్ని తనే సినిమాగా తీశారు. స్క్రీన్‌ప్లేలో సాయానికి క్రిస్టఫర్ హాంప్టన్‌ని పెట్టుకున్నారు. ఆయనా నాటక రచయితే. ఆ సినిమాలో ఫ్లాట్ గోడలు, సామాన్లు మనకు తెలియకుండానే కొద్దికొద్దిగా మారిపోతుంటాయి. ఇందాక చూసిన గది ఇదేనా కాదా అని మనకే అనుమానం వస్తుంది. ఆ ముసలాయన తికమక మాటలతో పనిలేకుండా మనలోకి వచ్చేస్తుంది. ఆ స్క్రీన్‌ప్లేకి వాళ్లిద్దరికీ ఆస్కార్ వచ్చింది.

ఇక సీరియల్. మీ పెద్దవాళ్ల భయం ఇక్కడిది.

అదే ఇంకు మరక సీరియల్లో అయితే సోమవారం ఎపిసోడ్ చివర్లో వదిన కంటపడుతుంది. మంగళవారం ఆవిడ అడగబోతుంటే ఫోన్ మోగుతుంది. వారమంతా ఆ నిజం తమ్ముడి దాకా రాదు. మధ్యలో ఒకరోజు చూడనివాళ్ల కోసం ఎవరో ఒకరు "నిన్న నువ్వు వెళ్లి వేలిముద్ర వేసొచ్చావు కదా" అని గుర్తుచేస్తూ ఉండాలి. చెప్పినవాళ్లకీ తెలుసు, విన్నవాడికీ తెలుసు, అయినా చెప్పాలి. వంట చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ వినేవాళ్లకి ఆ మాట అవసరం కాబట్టి అది సీరియల్లో తప్పేమీ కాదు, ఆ మాధ్యమం తీరే అంత. ప్రమాదమల్లా ఆ అలవాటు తెలియకుండా నాటకంలోకి జొరబడటమే. మీ కొత్త నాటకంలో ఒక పాత్ర ఇంకో పాత్రకి, ఇద్దరికీ తెలిసిన సంగతే వివరించడం మొదలుపెట్టిందా, అక్కడ ఆగి ఆ పేజీ మళ్లీ రాయండి. అన్నిటికంటే ముందు కనిపించే లక్షణం అదే.

సీరియల్ నేర్పేవీ ఉన్నాయి. ఊపు వచ్చినప్పుడే రాస్తానంటే కుదరదు, ఎపిసోడ్ ఆగదు. ఒక పాత్రను వందల ఎపిసోడ్లు నడిపిస్తే మనిషి నిలకడలేనితనం, మొండితనం గురించి ఒక నాటకంలో తెలియనంత తెలుస్తుంది. రాసిన మాట నాలుగైదు రోజుల్లో నటి నోట్లోంచి వినిపిస్తుంది. నాలుక తిరగని చోట, ఊపిరి అందని చోట వెంటనే పట్టుకోవచ్చు.

నిర్మాతను రెమ్యూనరేషన్ ఒక్కటే అడిగి ఊరుకోకండి. షూటింగ్‌కి ఎన్ని రోజుల ముందు నాకు సీన్ ఆర్డర్ వస్తుందని అడగండి. మామూలుగా కథ ఒకరిది, ఎపిసోడ్ స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, అది వచ్చాక మీరు మాటలు రాయాలి. చేతిలో ఎపిసోడ్లు బ్యాంకింగ్ ఉన్న, అంటే ముందే కొన్ని తీసిపెట్టుకున్న యూనిట్ అయితే మీకు కొన్ని రోజుల వ్యవధి దొరుకుతుంది. "పొద్దున సీన్ పేపర్ పంపితే చాలండీ, ఆర్టిస్టులు మేకప్‌లో ఉంటారు" అనే చోటైతే నాటకం సంగతి అటుంచండి, భోజనానికి కూడా లేవలేరు. అలాంటి దానికి ఎంత ఇచ్చినా వద్దనే నా సలహా. ఇంకొకటి, మొదట ఒప్పుకునేటప్పుడే ఇన్ని నెలలనో, ఇన్ని ఎపిసోడ్లనో గడువు పెట్టుకోండి. సీరియల్ ఎప్పుడైపోతుందో ఎవరికీ తెలియదు, మీ ఒప్పందం ఎప్పుడైపోతుందో మీకు తెలియాలి.

పేరు లేకుండా రాయమంటే ఒప్పుకోకండి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు నేర్చుకోవడానికి ఘోస్ట్‌గా రాస్తారు. వాళ్ల అవసరం నాకు అర్థమవుతుంది. మీకు ఆ అవసరం లేదు. మీ పేరుతో ఆడిన నాటకం చూసే మిమ్మల్ని పిలిచారు.

టీవీ అంటే డైలీ సీరియలొక్కటే అనుకోకండి. బ్రిటిష్ నటి, రచయిత్రి ఫీబీ వాలర్ బ్రిడ్జ్ 2013లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో ఒంటరిగా స్టేజీ మీద నిలబడి ఆడిన నాటకం 'ఫ్లీబ్యాగ్'. 2016లో అదే ఆరు ఎపిసోడ్ల బీబీసీ సిరీస్ అయింది. రాసిందీ, నటించిందీ ఆవిడే. నాటకంలో ప్రేక్షకులతో నేరుగా మాట్లాడే పద్ధతిని, అక్కడ కెమెరా వైపు తిరిగి మాట్లాడే పద్ధతిగా మార్చుకున్నారు. వెబ్ సిరీస్‌ల కాలంలో మీలాంటివాళ్లకి డైలీ కంటే అదే సరైన చోటని నా అభిప్రాయం. మీ నాటకాన్నే ఎనిమిది భాగాల కథగా ఆలోచించి ఒక చిన్న ట్రీట్‌మెంట్ (మాటలు లేకుండా కథ నడక చెప్పే కాగితం) రాసి దగ్గర పెట్టుకోండి, ఎవరూ అడగకపోయినా సరే.

ఇప్పుడు మీ టెన్షన్ దగ్గరికి వద్దాం. అది ఉత్త భయం కాదు.

ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత 'హమ్ హిందుస్తానీ' అనే నాటకం రాశారు. 1954లో ఢిల్లీలో ఆడితే మంచి పేరొచ్చింది. దాన్ని సినిమాగా తీసే ఆలోచన ఉందంటూ మోహన్ సెహగల్ అనే దర్శకుడు ఢిల్లీ వచ్చి నాటకమంతా ఆయన నోటివెంట విన్నారు. ఆ తర్వాత కబురు లేదు. 1956లో 'న్యూ ఢిల్లీ' అనే సినిమా వచ్చింది. రెండింట్లోనూ వేర్వేరు ప్రాంతాల కుటుంబాలకు చెందిన అబ్బాయి, అమ్మాయి ప్రేమించుకోవడం, ప్రాంతీయాభిమానం అడ్డురావడం ఉంది. అది నా నాటకమేనని ఆనంద్ కోర్టుకెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978లో ఆయన ఓడిపోయారు. కోర్టు చెప్పిందేమిటంటే, ఇతివృత్తం మీద, ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. దాన్ని రచయిత ఏ రూపంలో, ఏ వరుసలో, ఏ మాటల్లో పెట్టాడో దానికే ఉంటుంది. రెండూ చూసిన మనిషికి ఇది దాని నకలేనని స్పష్టంగా అనిపించాలి. సినిమాలో వరకట్నం లాంటి వేరే సంగతులు చాలా ఉన్నాయి కాబట్టి అలా అనిపించదంది. ఇలాంటి కేసుల్లో ఈరోజుకీ ముందుగా వినిపించే తీర్పు అదే.

"ఇల్లు అమ్మడం గురించి ఇద్దరు అన్నదమ్ముల కథ" అన్న ఆలోచనను మీరు కాపాడుకోలేరు. మీ సీన్ల వరుస, మీ పాత్రల నడక, మీ మాటలు మాత్రం మీవే. అందుకే నరేషన్‌కి వెళ్లే ముందు అవన్నీ కాగితం మీద, తేదీతో ఉండాలి. రాయగానే కాపీరైట్ మీకు వచ్చేసినట్టే, రిజిస్టర్ చేయడం తప్పనిసరి కాదు. అయినా చేయించండి, రేపు గొడవొస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. ప్రదర్శన కరపత్రాలు, వీడియో, పత్రికలో వచ్చిన సమీక్ష అన్నీ ఒకచోట దాచండి. వెళ్లేముందు ఆ దర్శకుడికి "ఫలానా తేదీన నా ఫలానా నాటకాన్ని మీకు వినిపించడానికి వస్తున్నాను" అని ఒక మెయిల్ పెట్టండి. విన్నాక "విన్నందుకు ధన్యవాదాలు" అని ఇంకోటి. మర్యాదగా ఉంటుంది, రికార్డూ ఉంటుంది. సాఫ్ట్ కాపీ మాత్రం ఒప్పందం అయ్యేదాకా ఇవ్వకండి.

ఒప్పందం దాకా వస్తే ఈ మాటలు గుర్తుపెట్టుకోండి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసివ్వడం సంతకంతో, లిఖితపూర్వకంగానే జరగాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లని, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకేనని చట్టం అనుకుంటుంది. అందుకే నిర్మాతల తరఫు కాగితాల్లో "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, ఇప్పుడున్న, ముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో" అని ఉంటుంది. ఆ వాక్యం దగ్గర ఆగండి. మీరు ఇవ్వాల్సింది ఒక భాషలో ఒక సినిమా తీసుకునే హక్కు, ఒక గడువుకి. ఆ లోపల షూటింగ్ మొదలుకాకపోతే హక్కు తిరిగి మీకే రావాలి. నాటకంగా ఆడించే హక్కు, పుస్తకంగా వేసుకునే హక్కు రచయిత్రివేనని విడిగా, ఒక వాక్యంగా రాయించండి. ఆ వాక్యం లేక, సినిమా ఆగిపోయాక సొంత నాటకాన్ని ఆడించుకోవడానికి ఒకరి అనుమతి కోసం తిరిగిన మిత్రుణ్ణి నేను చూశాను. టైటిల్ కార్డులో మీ పేరు ఏ మాటతో పడుతుందో, 'కథ' అనా 'మూల నాటకం' అనా, అది కూడా రాయించండి.

డబ్బు ఒకేసారి కాకుండా దశలవారీగా వస్తుంది. సంతకానికి అడ్వాన్స్, మొదటి వెర్షన్‌కి కొంత, ఫైనల్‌కి కొంత. "ఆమోదించాక ఇస్తాం" అని ఉంటే ఎన్ని రోజుల్లో ఆమోదిస్తారో రాయమనండి. లేకపోతే ఆ ఆమోదం ఎప్పటికీ రాదు. 2012లో చట్టాన్ని సవరించాక సినిమాలో వాడిన రచనకి, హాల్లో ప్రదర్శన కాకుండా మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో, హక్కులు తీసుకున్నవాళ్లతో సమాన వాటా రచయితకుంది. దాన్ని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకున్నా చెల్లదు. చేతికి రావడం కష్టమే, కానీ హక్కు మీదని మీకు తెలియాలి. సీరియల్ దగ్గర జీతానికి ఉద్యోగిగా చేరితే రాసింది మామూలుగా సంస్థదే అవుతుంది. అందుకని ఆ కాగితంలో "ఈ కాలంలో రచయిత్రి రాసే రచనలన్నీ" అన్న మాట ఉంటే కొట్టేయించి, "ఈ సీరియల్ కోసం రాసినవి" అని పెట్టించండి. మీ నాటకాలు అందులోకి జారిపోకూడదు. ఏ ఒప్పందమైనా సంతకానికి ముందు ఒక లాయర్‌కి చూపించండి. ఆ ఖర్చుకి వెనకాడొద్దు.

ఒక్క సొంత ఇష్టం చెబుతాను. ఇంగ్లిష్ నాటక రచయిత హెరాల్డ్ పింటర్ సినిమాలకి రాసిన స్క్రీన్‌ప్లేలు చూస్తే దాదాపు అన్నీ ఇతరుల నవలలకో, తన నాటకాలకో చేసినవే. సొంతంగా పుట్టిన కథను ఆయన ఎక్కువగా నాటకంగానే రాసేవారు. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. సినిమాకి ఇంకొకరి కథను తీర్చిదిద్దడంలో మీకు నొప్పి తక్కువ, సీన్లు కొట్టేసినా నిద్ర పడుతుంది, పనీ నేర్చుకుంటారు. మీ కడుపులో ఉన్న కథ ముందు నాటకంగా ఆడాలి. అక్కడ మిమ్మల్ని అడగకుండా ఎవరూ ఒక్క మాట తీయరు. ఆడి పేరొచ్చాక అది బేరానికి వెళ్లినా మీ చెయ్యి పైన ఉంటుంది.

నాటకం రాయడం ఆగకుండా ఉండాలంటే తీరిక దొరికినప్పుడు రాద్దామనుకోవద్దు. సీరియల్ రచయితకు తీరిక దొరకదు. మీ సమాజం పెద్దవాళ్ల దగ్గరికే వెళ్లి, వచ్చే ఏడాది ప్రదర్శనకి ఒక తేదీ, రిహార్సల్స్ మొదలయ్యే రోజు ఇప్పుడే అడిగి తీసుకోండి. నటులు స్క్రిప్టు కోసం ఎదురుచూస్తున్నారంటే మీరు ఎలాగైనా రాస్తారు. కలం పాడవుతుందని అంత బెంగపడుతున్నవాళ్లు ఆ తేదీ ఇవ్వడానికి కాదనరు. మొదటి డ్రాఫ్ట్ కూడా వాళ్ల ముందే చదవండి. సీరియల్ వాసన ఎక్కడ కొడుతోందో మీకంటే ముందు వాళ్లే పట్టేస్తారు.

దర్శకుడి దగ్గరికి మీ స్క్రిప్టు రిజిస్ట్రేషన్‌కి పంపాక వెళ్లండి. ఈ వారమే రమ్మని తొందరపెడితే, కొంచెం సమయం కావాలని చెప్పండి. నాటకం నచ్చి పిలిచిన మనిషైతే ఆగుతాడు. "కాగితాలూ మెయిళ్లూ ఎందుకండీ, మన మధ్య" అంటే మాత్రం ఈ నాటకం వినిపించకండి. వేరే కథ ఏదైనా ఉంటే అది చెప్పి రండి.